ఆకాశయానము : గిరాకి ఆటుపోట్లు

హైదరాబాదు నుండి విశాఖపట్టణమునకు ప్రతిదినము ఉదయమున ఒక విమానము బయలుదేరుచున్నదనుకొనుడు. ఆగస్టు మాసములో, ముసురు పట్టిన ఒక మంగళవారమునాడు, ఆ విమానములో కిటికీ ప్రక్క సీటు ఖాళీగా పోవచ్చును. భోగికి ముందునాడు అదే సీటుకొరకు పదిమంది పోటీపడుదురు. మూడింతలు, నాలుగింతలు చార్జీ పెట్టుటకైనను సిద్ధపడుదురు. విమానము మారలేదు, దూరము మారలేదు, ప్రయాణకాలమును మారలేదు. మారినది ఒక్కటే: ఆ సీటు కావలెనని కోరువారి సంఖ్య. దీనినే అర్థశాస్త్రజ్ఞులు గిరాకి అందురు. మన దేశములో దేశీయ విమాన ప్రయాణమునకు ఈ గిరాకి కాలమునుబట్టి ఎట్లు మారుచు వచ్చినది, ఏల మారుచున్నది, ఆ మార్పును గూర్చి మనవంటి గృహస్థులు ఏల ఆలోచింపవలెను అను విషయములను ఈ పూట ముచ్చటింతము.

ముందుగా గిరాకి అను మాటకు అర్థము తేల్చుకొనవలెను. కోరిక యంతయు గిరాకి కాదు. ఆకాశమున విమానము పోవుచుండగా తలయెత్తి చూచి, ఒక్కసారి ఎక్కిన బాగుండునని తలచిన బాలుడు దేశములో ప్రతి ఊరనున్నాడు. ఆ తలపు అంగడిలోని లెక్కకు రాదు. కోరికకు కొనగల శక్తి తోడు కావలెను. ఆ రెండింటికి బయలుదేరవలసిన నిమిత్తమును తోడు కావలెను. పెండ్లి, పరీక్ష, వ్యాపారము, వైద్యము, యాత్ర, పండుగ మొదలైనవి ఆ నిమిత్తములు. ఈ మూడును కలిసినప్పుడే ఒక మనిషి టిక్కెట్టు కొనును. కావున గిరాకి మారినదన్నచో, ఈ మూడింటిలో ఏదో ఒకటి మారియుండవలెను.

మరియొక చిక్కు కూడ కలదు. ప్రతి సంవత్సరము ప్రకటింపబడు ప్రయాణికుల సంఖ్య గిరాకి యొక్క సంఖ్య కాదు. అది సీటు దొరికినవారి సంఖ్య. సీటు దొరకక వెనుదిరిగినవారిని, చార్జీ విని మానుకొన్నవారిని, రైలులో పోయినవారిని ఎవరును లెక్కింపరు. బావిలో ఎంత నీరున్నదో చేదలోని నీటినిబట్టి చెప్పలేము గదా! ఈ భేదమును మనసునందుంచుకొని చరిత్రను పరిశీలించిన, అనేక విషయములు తేటపడును.

మన దేశములో క్రమబద్ధమైన దేశీయ విమాన సేవకు ఆరంభము 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీ అని చెప్పవచ్చును. ఆనాడు జె. ఆర్. డి. టాటా ఒక చిన్న పస్ మాత్ విమానమును తానే నడుపుకొనుచు కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి వచ్చెను. అక్కడి నుండి నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. ఆ విమానములో ఉన్నవి మనుష్యులు కాదు, ఉత్తరములు. ఆ సంస్థ నడచిన తొలి పూర్తి సంవత్సరములో ఎక్కిన ప్రయాణికులు 155 మంది మాత్రమే. నేడు ఒక్క మధ్యతరహా విమానములో పట్టువారి సంఖ్యకు ఇది తక్కువ. ఆ కాలమున మనిషికంటె ఉత్తరమునకే తొందర ఎక్కువ. తొందరకు తగిన మూల్యము నిచ్చినదియు తపాలాయే.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప స్థితి మారినది. యుద్ధమునకై నిర్మించిన డకోటా విమానములు చౌకగా అమ్మకమునకు వచ్చినవి. 1945లో స్థాపితమైన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ బేగంపేటను స్థావరముగా చేసికొని హైదరాబాదును మద్రాసు, బెంగుళూరు వంటి నగరములతో కలిపినది. దేశమంతట ఇటువంటి సంస్థలు పెక్కు వెలసినవి. విమానములు పెరిగినంత వేగముగా ప్రయాణికులు పెరుగలేదు. పలు సంస్థలు నష్టములలో పడినవి. 1953లో పార్లమెంటు చట్టము చేసి, ఆ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ నుండి ఎనిమిది సంస్థల సేవలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌కు అప్పగించినది. మొదటి పాఠము ఇక్కడనే కలదు. సీట్లున్నంత మాత్రమున గిరాకి పుట్టదు. కొనగలవారు లేనిచో రెక్కలున్న వాహనము కూడ నేలమీదనే నిలిచిపోవును.

తరువాతి నాలుగు దశాబ్దములు దీనికి విలోమమైన పాఠమును నేర్పినవి. 1957లో వైకౌంటు, 1961లో ఫాకర్ ఫ్రెండ్‌షిప్, 1964లో కారవెల్ జెట్టు, 1970 దశాబ్ది ఆరంభమున బోయింగ్ 737, 1976లో ఎయిర్‌బస్ ఎ300, ఇట్లు ఒకదానివెంట నొకటి క్రొత్త విమానములు వచ్చినవి. ప్రయాణకాలము తగ్గినది, సుఖము పెరిగినది. ప్రభుత్వోద్యోగులు, కర్మాగారముల అధికారులు, వర్తకులు, వైద్యమునకు పోవు సంపన్నులు విమానమునకు అలవాటుపడిరి. ప్రధాన సంస్థ ఒక్కటే; సీట్లు పరిమితము. పేరు వెయిటింగు లిస్టులో వ్రాయించుకొని విమానాశ్రయములో ఆశతో కూర్చుండుట సామాన్య దృశ్యమైనది. ఆ కాలమున ప్రయాణికుల సంఖ్య మెల్లగా పెరిగినదని గణాంకములు చెప్పును. అది గిరాకి మాంద్యమా, సీట్ల కొరతయా అని అడిగినచో ఆ గణాంకములు బదులు చెప్పలేవు.

ఇందులో కొన్ని ఒడుదుడుకులును కలవు. 1973 చివరను చమురు ఉత్పత్తి దేశముల నిర్ణయములవలన ముడి చమురు ధర కొద్ది మాసములలో నాలుగింతలైనది. విమానము నడుపుటకగు వ్యయములో ఇంధనముది పెద్దపాలు కావున చార్జీలు పెరిగినవి. సొంత డబ్బుతో పోవువారు వెనుకాడిరి. 1990 ఫిబ్రవరి 14న బెంగుళూరులో ఎయిర్‌బస్ ఎ320 విమానము కూలి 92 మంది మరణించిరి. ఆ తరగతి విమానములన్నింటిని కొన్ని మాసములపాటు నేలమీద నిలిపివేసిరి. ఈ రెండు ఘట్టములును ఒక్కటి కావు. మొదటిదానిలో ధర పెరిగి కోరువారు తగ్గిరి. రెండవదానిలో కోరువారున్నను ఎక్కించు విమానములు లేకపోయినవి. పత్రికలో రెండింటికి శీర్షిక ఒక్కటే కావచ్చును, ప్రయాణికులు తగ్గిరని. కాని ఒకదానికి మందు వేరు, మరియొకదానికి మందు వేరు.

1990 దశాబ్ది ఆరంభమున ఆర్థిక విధానము మారినది. ప్రైవేటు సంస్థలకు ఆకాశము తెరువబడినది. 1994లో వాయు రవాణా కార్పొరేషన్ల చట్టము రద్దయినది. క్రొత్త సంస్థలు పెక్కు వచ్చినవి. వానిలో పెక్కు కొద్ది సంవత్సరములకే మూతపడినవి. ఏలనన, అవి కొత్త ప్రయాణికుని సృష్టింపలేదు. ఉన్న ప్రయాణికునికొరకే పోటీపడినవి. అదే వర్తకుడు, అదే అధికారి. పెట్టె పట్టుకొను చేయి మాత్రము మారినది.

నిజమైన మలుపు 2003లో వచ్చినది. ఆ సంవత్సరము ఆగస్టులో కెప్టెన్ గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్ బెంగుళూరు, హుబ్బళ్ళిల నడుమ తన తొలి సర్వీసును నడపినది. భోజనము లేదు, ఆడంబరము లేదు. చార్జీ మాత్రము తక్కువ. మరుసటి సంవత్సరమున దేశీయ విమాన ప్రయాణముపై నున్న పన్నును ప్రభుత్వము ఎత్తివేసినది. 2005, 2006 సంవత్సరములలో స్పైస్‌జెట్, గోఎయిర్, ఇండిగో రంగమునకు వచ్చినవి. అంతవరకు విమానపు చార్జీని రాజధాని ఎక్స్‌ప్రెస్ చార్జీతో పోల్చుకొనవలెనను తలపు మధ్యతరగతి గృహస్థునకు రాలేదు. ఇప్పుడు వచ్చినది. ఏ.సి. రెండవ తరగతి బెర్తునకును, ముందుగా కొన్న విమానపు సీటునకును మధ్య నున్న ఎడము కొన్ని మార్గములలో బాగుగ తగ్గినది. అదే సమయమున హైదరాబాదు, బెంగుళూరు, పూనా వంటి నగరములలో కంప్యూటరు ఉద్యోగములు పెరిగినవి. తల్లిదండ్రులు ఒక రాష్ట్రమున, పిల్లలు మరియొక రాష్ట్రమున ఉండు కుటుంబములు పెరిగినవి. టిక్కెట్టు కొనుటకు ఏజెంటు దుకాణమునకు పోవలసిన పని తప్పినది. కోరిక ఎప్పటినుండియో ఉన్నదే. కొనుశక్తియు, నిమిత్తమును ఒక్కమారు వచ్చి దానితో కలిసినవి.

ఫలితము అంకెలలో కనబడును. 2010లో దేశీయ విమాన ప్రయాణికుల సంఖ్య సుమారు 5.2 కోట్లు. 2016లో అది 10 కోట్ల అంచునకు వచ్చినది. 2018లో 13.9 కోట్లు, 2019లో 14.4 కోట్లు. ఒక తరములోపల విమానము అధికారి వాహనము నుండి కుటుంబ వాహనముగా మారినది.

ఈ పెరుగుదల నిచ్చెన మెట్లవలె సాగినదని తలంపరాదు. ఇందులో కొన్ని పతనములు కలవు. వానిని జాగ్రత్తగా విడదీసి చూచుట అవసరము. 2008 జూలైలో ముడి చమురు ధర పీపా ఒక్కింటికి 147 డాలర్ల వరకు పోయినది. ఆ సంవత్సరాంతమున ప్రపంచమంతట ఆర్థిక సంక్షోభము వ్యాపించినది. ఆ యేడు దేశీయ ప్రయాణికులు ముందటి యేటికంటె తగ్గిరి. ఇది నిజముగ గిరాకి తగ్గుట. 2012లో సంఖ్య 6.07 కోట్ల నుండి 5.88 కోట్లకు దిగినది. ఆ యేడు అక్టోబరులో కింగ్‌ఫిషర్ సంస్థ విమానములు నిలిచిపోయినవి. అంతకు ముందు మాసములనుండియే అది సర్వీసులను తగ్గించుచు వచ్చినది. ఇక్కడ ముఖ్యముగ తగ్గినవి సీట్లు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినది. ముందటి యేడు నూటికి 18 పైచిలుకు పెరిగిన ప్రయాణికుల సంఖ్య 2019లో నూటికి నాలుగు కూడ పెరుగలేదు. ప్రజలు ఒక్క యేటిలో ప్రయాణములు మానుకొన్నారా? లేదు. సంస్థ ఒకటి ఆగినప్పుడు దాని సీట్లు మాయమగును. దాని ప్రయాణికులు మాయము కారు. వారు మిగిలిన సంస్థల తలుపు తట్టుదురు, చార్జీలు పెరుగును, పెరిగిన చార్జీ చూచి కొందరు వెనుదిరుగుదురు.

గుర్తుపట్టుట ఎట్లని మీరు అడుగవచ్చును. ఉపాయము కఠినము కాదు. ప్రయాణికుల సంఖ్యను ఒంటరిగా చూడక, దాని ప్రక్కన రెండు విషయములు పెట్టి చూడవలెను. ఒకటి చార్జీ, రెండవది విమానములో నూటికి ఎన్ని సీట్లు నిండినవను లెక్క. ప్రయాణికులు తగ్గి, సీట్లు ఖాళీగా పోవుచు, చార్జీలును పడిపోయినచో, తగ్గినది గిరాకి. ప్రయాణికులు తగ్గినను సీట్లు క్రిక్కిరిసి, చార్జీలు మండుచున్నచో, తగ్గినది సరఫరా. చార్జీ పెరిగిన పిదప సీట్లు ఖాళీ అయినచో, ధరయే ప్రయాణికుని తరిమినదని తెలిసికొనవలెను. బియ్యపు అంగడిలో మన పెద్దలు చూచుకొనునది ఇదే లెక్క.

2020 సంగతి వేరు. కరోనా వ్యాధి కారణమున ఆ యేడు మార్చి 25 నుండి దేశీయ విమానములు పూర్తిగా ఆగిపోయినవి. రెండు మాసములకు, మే 25న, చార్జీలపై కనిష్ఠ గరిష్ఠ పరిమితులతో కొద్దికొద్దిగా తిరిగి ప్రారంభమైనవి. 14.4 కోట్ల సంఖ్య ఒక్క యేటిలో 6.3 కోట్లకు పడిపోయినది. విమాన ప్రయాణపు అలవాటు ఇక తిరిగిరాదని, సమావేశములన్నియు ఇంటనుండియే జరుగునని కొందరు తలంచిరి. కాని 2022లో సంఖ్య 12.3 కోట్లకు చేరినది. 2023లో 15.2 కోట్లతో వెనుకటి శిఖరమును దాటినది. 2024లో 16.1 కోట్లు. ఆ నవంబరులో ఒక్క దినమున అయిదు లక్షలమందికి పైగా దేశీయ విమానములెక్కిన దినము కూడ వచ్చినది. కార్యాలయపు పని కొంత తెరమీదికి మారియుండవచ్చును. అమ్మను చూచుట, పెండ్లికి పోవుట తెరమీద తీరలేదు.

ఇంతవరకు చెప్పినది దశాబ్దముల గడియారము. సంవత్సరములో తిరుగు గడియారము మరియొకటి కలదు. మన దేశములో మే నెలలో బడులకు సెలవులు. డిసెంబరులో చలికాలపు విహారములు, పెండ్లిండ్లు. ఈ రెండు మాసములు గిరాకికి శిఖరములు. జూలై నుండి సెప్టెంబరు వరకు వానలు, పిల్లలకు చదువులు, ఆషాఢము వచ్చిన శుభకార్యములు లేవు. గిరాకి పల్లమున నుండును. దసరా, దీపావళులకు మరల లేచును. మన తెలుగువారికి సంక్రాంతి ఒక ప్రత్యేక శిఖరము. హైదరాబాదు సగము ఖాళీ అయి, రాజమహేంద్రవరము, విజయవాడ, విశాఖపట్టణముల దారి పట్టును. డిసెంబరు చివరను, జనవరిలోను ఉత్తరాదిన పొగమంచు కమ్మి విమానములు ఆలస్యమగుట, రద్దగుట కలదు. కోరువారు ఎక్కువైన సమయముననే సీట్లు తక్కువగుట అప్పటి విచిత్రము.

వారములోను ఒక లయ కలదు. సోమవారము ఉదయము, శుక్రవారము సాయంకాలము పనిమీద పోవువారి రద్దీ. ఆదివారము రాత్రి ఇంటినుండి మరలువారి రద్దీ. దినములో తొలిజాము విమానమునకు, సంధ్యవేళ విమానమునకు గిరాకి ఎక్కువ; మిట్టమధ్యాహ్నము తక్కువ. విమానపు సీటు పాలవలె నిలువయుండని సరకు. బయలుదేరిన విమానములోని ఖాళీ సీటును మరునాడు అమ్ముటకు వీలులేదు. కావున సంస్థలు ఒకే విమానములోని సీట్లను అనేక ధరల వరుసలుగా విభజించి, ముందుగా కొనువారికి తక్కువకు, చివరి క్షణమున వచ్చువారికి ఎక్కువకు అమ్ముచుండును. టిక్కెట్లు ఏ వేగముతో అమ్ముడుపోవుచున్నవో యంత్రము చూచుచుండును. ఒక వరుస నిండగానే ధర పైమెట్టునకు పోవును.

ఈ యేర్పాటులో తర్కము కలదు. ముందుగా కొనువాడు తన ఇష్టముకొలది పోవువాడు. ధర పెరిగిన మానుకొనును. చివర కొనువాడు మానుకొనలేనివాడు. మానుకొనలేనివాడు ఎంతయైన ఇచ్చును. సంస్థవారు సాధారణముగా ఇతనిని వ్యాపారపు పనిమీద పోవు అధికారిగా ఊహింతురు. టిక్కెట్టు డబ్బు కంపెనీ ఇచ్చునని తలంతురు. కాని మానుకొనలేనివారందరు అధికారులు కారు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఉద్యోగపు పనిమీద నేను ఢిల్లీలో నుండగా, రాత్రి పదిగంటలకు మా తమ్ముడు ఫోను చేసి, “అన్నయ్యా, నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చినాము, వెంటనే బయలుదేరి రా” అనెను. తెల్లవారుజాము విమానమునకు టిక్కెట్టు కొంటిని. వచ్చునపుడు పెట్టినదానికి నాలుగింతలు అయినది. నా ప్రక్క సీటులో కూర్చున్న యువకుడు చెల్లెలి పెండ్లికి వెళ్ళుచున్నాడు. మాటల సందర్భమున, రెండు మాసముల క్రిందటనే టిక్కెట్టు కొన్నానని, అది ఎంతకు కొన్నదియు చెప్పెను. అతడు నన్ను కూడ అడుగగా చెప్పితిని. అతడు నొచ్చుకొని, “క్షమించండి సార్, ఎందుకడిగినానా అనిపించినది” అనెను. అతని తప్పేమున్నది? దేవుని దయవలన నాన్నగారు కోలుకొనిరి. కాని ఆ విమానములో నాకొక సందేహము పుట్టినది, ఇప్పటికిని తీరలేదు. నాకు జీతము గలదు కావున కొనగలిగితిని. అదే రాత్రి అదే వార్త విన్న ఒక భవననిర్మాణ కార్మికుడు గిరాకిలో ఉన్నాడా, లేడా? ప్రయాణికుల జాబితాలో అతని పేరు లేదు. కావున లెక్కలో అతడు లేడు. అవసరములో మాత్రము అతడు నాకంటె తక్కువవాడు కాడు.

2025 డిసెంబరు మొదటి వారములో ఈ ప్రశ్న దేశమంతటి ముందుకు వచ్చినది. విమాన చోదకుల విశ్రాంతిని గూర్చిన క్రొత్త నిబంధనలకు తగిన సిబ్బందిని సమకూర్చుకొనలేక, దేశములోని అతిపెద్ద సంస్థ కొద్ది దినములలో వేలకొలది సర్వీసులను రద్దు చేసినది. సీట్లు మాయమైనవి; ప్రయాణికులు విమానాశ్రయములలో మిగిలిరి. ఇతర సంస్థల చార్జీలు ఆకసమునంటినవి. ప్రభుత్వము కలుగజేసికొని, 500 కిలోమీటర్లలోపు దూరమునకు 7,500 రూపాయలు అన్నట్లుగా, దూరమునుబట్టి తాత్కాలిక పరిమితులు విధించినది. పరిమితి నిత్యముగా నుండవలెనా అన్నచో వాదము కలదు. తక్కువ ధరకు కట్టుదిట్టము చేసిన కొన్నాళ్ళకు సర్వీసులే తగ్గవచ్చునని సంస్థల వాదము. ఆపత్కాలపు ధర ఆపత్తులోనున్నవానినే పిండునని ప్రయాణికుల వాదము. రెండింటిలోను సత్యమున్నది. ఒక్కటి మాత్రము నిశ్చయము. ప్రత్యామ్నాయము లేనిచోటనే ధర బాణమగును. ఆ రాత్రికే పోవు రైలులో ఒక బెర్తు, మరియొక సంస్థవారి ఒక సీటు ఉన్నచో ఆ బాణము పదును తగ్గును.

ప్రత్యామ్నాయము మాట వచ్చినది కావున చిన్న పట్టణముల సంగతి చెప్పవలెను. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ అను పథకము క్రింద తొలి విమానములు నడచినవి. సిమ్లా–ఢిల్లీ మార్గముతోపాటు ఆనాడు మన కడప–హైదరాబాదు మార్గము కూడ ఆరంభమైనది. సుమారు గంట ప్రయాణమునకు సగము సీట్లు 2,500 రూపాయల పరిమితిలో ఇచ్చుట, అందువలన వచ్చు లోటును కొంతకాలము ప్రభుత్వము భర్తీ చేయుట ఆరంభమున ఈ పథకపు సారాంశము. 2021 మార్చిలో కర్నూలు సమీపమున ఓర్వకల్లు విమానాశ్రయము ప్రారంభమైనది. ఉద్దేశము ఉదాత్తము. కాని 2023లో వెలువడిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక కొన్ని కఠిన సత్యములను చెప్పినది. తొలి మూడు విడతలలో కేటాయించిన 774 మార్గములలో 371 మాత్రమే మొదలైనవి. వానిలో మూడు సంవత్సరముల రాయితీ కాలమును పూర్తిచేసినవి 112. ఆ పిదపకూడ నిలిచినవి 54.

ఈ అంకెలు చూచి చిన్న ఊళ్ళకు విమానమేల అని కొందరు అందురు. అది తొందరపాటు. గిరాకి విత్తనమువంటిది, నేల, నీరు, కాలము మూడును కావలెను. వారమునకు మూడు దినములు, అదియు నిలకడలేని వేళకు వచ్చు విమానమును నమ్ముకొని ఎవరును ప్రయాణము నిశ్చయించుకొనరు. రాత్రి బస్సెక్కిన తెల్లవారునప్పటికి హైదరాబాదు చేర్చు సౌకర్యమున్నచోట విమానము తన మేలును నిరూపించుకొనవలెను. అట్లని ప్రతి మైదానమునందు విమానాశ్రయము కట్టిన గిరాకి తానే వచ్చుననుటయు తొందరపాటే. 1940 దశాబ్దిలో డకోటాలు నేర్పిన పాఠము 2023 నివేదికలో మరల వినబడుచున్నది. విమానాశ్రయము కట్టుటకు ముందు ఆ ప్రాంతపు ప్రజలు ఏ ఊరికి, ఏ పనికి, ఏ మాసములో, ఎంత ఖర్చుతో పోవుచున్నారో కనుగొనవలెను. బస్సు స్టాండులోను, రైల్వే బుకింగులోను ఆ సమాచారము కలదు.

పెద్ద నగరములకు చిక్కు మరియొక విధము. విమానము చార్జీని నిమిషములలో మార్చవచ్చును. విమానమును కొని తెచ్చుటకు సంవత్సరములు పట్టును. విమానాశ్రయమును కట్టుటకు దశాబ్దము పట్టును. బేగంపేట ఇరుకైపోయినదని గ్రహించిన పిమ్మట శంషాబాదు విమానాశ్రయము తలుపులు తెరచునప్పటికి 2008 మార్చి వచ్చినది. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానములకు, ఇండిగో 500 విమానములకు ఆర్డరులిచ్చినవి. అవి అన్నియు చేతికి వచ్చుటకు అనేక సంవత్సరములు పట్టును. అనగా నేటి నిర్ణయము, నేడు పాఠశాలలో చదువుచున్న పిల్లల గిరాకిని ఊహించి చేయవలసిన నిర్ణయము. ఊహ తక్కువైనచో ప్రయాణికుడు అధిక చార్జీ రూపమున శిక్ష ననుభవించును. ఎక్కువైనచో సంస్థ మూతపడి ఉద్యోగులు వీధిని పడుదురు; లేదా ప్రజాధనము ఖాళీ భవనముగా మిగులును. పైగా పోటీ ఒక్క ఆకాశముననే లేదు. 2023 సంక్రాంతినాడు సికింద్రాబాదు–విశాఖపట్టణముల నడుమ వందే భారత్ రైలు ప్రారంభమై, సుమారు ఎనిమిదిన్నర గంటలలో గమ్యము చేర్చుచున్నది. రైలు వేగమైనకొలది దగ్గరి దూరముల విమానపు గిరాకి కొంత తగ్గును. దేశమునకు అది నష్టము కాదు.

చివరిగా ఒక మాట. 2024లో 16.1 కోట్ల ప్రయాణికులని వినగానే అంతమంది భారతీయులు విమానమెక్కిరని అనుకొనరాదు. అవి ప్రయాణముల లెక్క. నెలకు నాలుగుమార్లు పోవు ఒక్క అధికారి ఆ సంఖ్యలో నలుబది ఎనిమిదిమందిగా లెక్కకు వచ్చును. 140 కోట్లకు మించిన జనాభాలో, సగటున తొమ్మిదిమందికి యేటికి సుమారు ఒక్క ప్రయాణము మాత్రమే వచ్చును. అమెరికాలో అదే లెక్క మనిషికి రెండుకు పైబడును. మన రైళ్ళలో యేటికి ఎక్కువారి సంఖ్య 600 కోట్లకు పైచిలుకు. కావున మన దేశములో విమాన ప్రయాణపు గిరాకి పండిన చెట్టు కాదు, ఎదుగుచున్న మొక్క. అది ఎటు వంగునో మనము దానికి పెట్టు ఆధారమునుబట్టి యుండును.

ఇకమీదట పత్రికలో ప్రయాణికులు పెరిగిరనియో, తగ్గిరనియో చదివినప్పుడు శ్రోతలు మూడు ప్రశ్నలు వేసికొందురుగాక. తగ్గినది కోరువారా, సీట్లా? పెరిగినది క్రొత్తవారా, పాతవారి ప్రయాణములా? లెక్కలోనికి రాని మనిషి ఎవడు? మొదటి రెండు ప్రశ్నలకు గణాంకశాస్త్రము బదులు చెప్పగలదు. మూడవదానికి మాత్రము, అర్ధరాత్రి ఇంటినుండి ఫోను వచ్చిన ప్రతివాడును తన మనసులో బదులు చెప్పుకొనవలసినదే. సెలవు.